ఇల్లెవరిది? తెలుగు తెర మీద తల్లీకూతుళ్ళ తగవు

తెలుగు సినిమాలో అత్తాకోడళ్ళ పోరుకు ఉన్నంత స్థిరమైన చట్రం తల్లీకూతుళ్ళ తగవుకు ఏనాడూ ఏర్పడలేదు. కన్నతల్లిని దేవతగా నిలిపే సంప్రదాయం ఎంత బలమైనదంటే, కూతురి మీద తల్లికి కోపం, అసూయ, స్వార్థం ఉండవచ్చునన్న మాటను సభామర్యాద గల ప్రేక్షకుల ఎదుట చెప్పడానికి రచయితలు చాలాకాలం వెనుకాడారు. అయినా ఆ తగవు తెలుగు నాటకంలోనూ సినిమాలోనూ కనబడకుండా పోలేదు. అది ఎక్కడెక్కడ బయటపడిందో కాలక్రమంలో పరిశీలిస్తే ఒక విషయం తేటపడుతుంది: ఆస్తి గానీ సంపాదన గానీ ఆడవారి చేతిలో ఉన్న ఇంట్లోనే తల్లీకూతుళ్ళు ఎదురెదురుగా నిలిచి మాట్లాడుకున్నారు. పురుషుడి మాటే చెల్లే ఇంట్లో తల్లి, కూతురు ఇద్దరూ ఒకే పక్షాన నిలిచి ఒకే విధంగా ఓడిపోయారు. ‘చింతామణి’ (1956), ‘గుండమ్మ కథ’ (1962), ‘అంతులేని కథ’ (1976), ‘స్వాతి’ (1984) చిత్రాలను వరుసగా చూస్తే ఈ చరిత్ర కళ్ళకు కడుతుంది.

నుయ్యి తప్ప దారి లేని ఇల్లు

ఆధునిక తెలుగు నాటకానికి పునాదిరాళ్ళుగా నిలిచిన రెండు రచనలూ కూతురి పెళ్ళి చుట్టూనే తిరుగుతాయి. 1892లో తొలిసారి ప్రదర్శితమై, 1909లో కొత్త రూపంలో వెలువడిన గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ నాటకంలో అగ్నిహోత్రావధానులు డబ్బుకు ఆశపడి పసిపిల్ల సుబ్బిని ముసలి లుబ్ధావధానులకు కట్టబెట్టబోతాడు. కన్యాశుల్కమంటే వరుడి వైపువారు పిల్ల తండ్రికి చెల్లించే సొమ్ము. పెద్ద కూతురు బుచ్చమ్మ అప్పటికే విధవగా ఇంట్లో ఉండగా చిన్న కూతురికీ అదే గతి పట్టబోతోందని గ్రహించిన తల్లి వెంకమ్మకు ఎదురు చెప్పే మార్గం లేక నూతిలో దూకుతుంది. 1955లో పి.పుల్లయ్య దర్శకత్వంలో వచ్చిన చలనచిత్రం ఈ కథను లక్షలాది మందికి చేర్చింది.

కాలం మారి కన్యాశుల్కం స్థానంలో వరకట్నం స్థిరపడిన తరువాత కాళ్ళకూరి నారాయణరావు రాసిన ‘వరవిక్రయం’లో నూతిలో దూకేది తల్లి కాదు, కూతురు. పురుషోత్తమరావు, భ్రమరాంబ దంపతుల పెద్ద కూతురు కాళింది, తన కోసం తండ్రి భూమి అమ్మి కట్నం చెల్లించడాన్ని సహించలేక ప్రాణం తీసుకుంటుంది. 1939లో సి.పుల్లయ్య ఈ నాటకాన్ని చిత్రంగా తీసినప్పుడు కాళింది పాత్రతో భానుమతి చిత్రరంగ ప్రవేశం చేసింది. ఈ రెండు కథల్లో తల్లికి కూతురి మీద ప్రేమ తక్కువైంది లేదు, కూతురికి తల్లి మీద ఆగ్రహమూ లేదు. ఇచ్చే సొమ్ము, పుచ్చుకునే సొమ్ము రెండూ మగవారి మధ్య చేతులు మారుతుంటే, తల్లికి ఇవ్వడానికీ ఆపడానికీ ఏ అధికారమూ లేనప్పుడు, వారిద్దరి మధ్య తగవుకు చోటే లేకపోయింది. తరం మారినా ఇద్దరికీ మిగిలిన దారి పెరటి నుయ్యి మాత్రమే కావడం ఆనాటి గృహవ్యవస్థ మీద ఆ నాటకకర్తలు వెలువరించిన తీర్పు.

శ్రీహరి ఇంటి లెక్క

అదే కాళ్ళకూరి నారాయణరావు రాసిన ‘చింతామణి’లో పరిస్థితి పూర్తిగా వేరు. శ్రీహరి అనే వేశ్యామాత, ఆమె కూతురు చింతామణి ఈ నాటకానికి కేంద్రం. కూతురి అందాన్నీ గానాన్నీ ఇంటికి ఆదాయంగా లెక్కగట్టే తల్లి ఒకవైపు, కృష్ణభక్తి వైపు మళ్ళుతూ తన చుట్టూ నాశనమవుతున్న సంసారాలను చూసి కలతపడే కూతురు మరొకవైపు నిలుస్తారు. బిల్వమంగళుడు, సుబ్బిశెట్టి, భవానీశంకరం ఒకరి తరువాత ఒకరు ఆస్తులు పోగొట్టుకుంటుంటే శ్రీహరికి అది వృత్తిధర్మంగానూ, చింతామణికి అది భరించలేని బరువుగానూ కనబడుతుంది. కన్నతల్లి కూతురిని సొమ్ము తెచ్చే వస్తువుగా చూస్తోందన్న అభియోగం తెలుగు రంగస్థలం మీద ఇంత సూటిగా వినబడటం అరుదు.

ఇది వేశ్యాగృహంలోనే సాధ్యపడటానికి కారణం ఉంది. ఆలయసేవ, నృత్యగానాలు వృత్తిగా గల కళావంతుల కుటుంబాలలో ఆస్తి తల్లి నుంచి కూతురికి సంక్రమించే ఆచారం ఉండేది. సంతానం లేనివారు ఆడపిల్లను దత్తత తీసుకునేవారు, ఆడపిల్ల పుట్టుక ఆ ఇళ్ళలో కలిసివచ్చిన సంగతిగా ఉండేది. ఇంటిపెత్తనం పెద్ద వయసు స్త్రీది, సంపాదన చిన్న వయసు స్త్రీది కావడం వల్ల తల్లీకూతుళ్ళ బంధంలో వాత్సల్యంతోపాటు యజమాని, పనివారి సంబంధం కూడా కలగలిసింది. మద్రాసు రాష్ట్రంలో 1947లో వచ్చిన దేవదాసీ నిరోధక చట్టం ఈ వ్యవస్థకు చట్టపరంగా ముగింపు పలికినా, నాటకం మాత్రం ఊరూరా ఆడుతూనే వచ్చింది. స్థానం నరసింహారావు వంటి మహానటులు స్త్రీవేషంలో చింతామణి పాత్రను పోషించి పేరుపొందారు. అంటే తల్లీకూతుళ్ళ మధ్య జరిగే ఈ సంవాదాన్ని చాలాకాలం పురుషులే ఆడవారి గొంతుతో పలికారు.

1956లో పి.ఎస్.రామకృష్ణారావు దర్శకత్వంలో భరణీ సంస్థ ఈ నాటకాన్ని తెరకెక్కించింది. భానుమతి చింతామణిగా, ఎన్.టి.రామారావు బిల్వమంగళుడిగా, ఋష్యేంద్రమణి శ్రీహరిగా నటించారు. 1939లో తండ్రి కట్నం ఇచ్చినందుకు ప్రాణం తీసుకున్న కూతురిగా తెరకు పరిచయమైన నటి, పదిహేడేళ్ళ తరువాత తల్లి ధనాశను ధిక్కరించే కూతురిగా కనబడటంలో తెలుగు కథాచిత్రం నడిచివచ్చిన దూరం తెలుస్తుంది. అయితే ఇక్కడ ఒక పరిమితి కూడా ఉంది. మర్యాదస్తుల ఇంట్లో చెప్పరాని మాటను ‘ఆ ఇంట్లో’ చెప్పించడం వల్ల ప్రేక్షకుడు ఆ తగవును తన ఇంటికి సంబంధం లేనిదిగా భావించే వీలు కలిగింది. సుబ్బిశెట్టి పాత్ర ఒక సామాజికవర్గాన్ని కించపరుస్తోందన్న ఫిర్యాదుల మీద 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటక ప్రదర్శనను నిషేధించినప్పుడు జరిగిన చర్చంతా మగపాత్రల చుట్టూనే తిరిగింది. నాటకానికి గుండెకాయ వంటి తల్లీకూతుళ్ళ ప్రశ్న మళ్ళీ పక్కకు తప్పుకుంది.

గుండమ్మ పెత్తనం

ఆ ప్రశ్నను మర్యాదస్తుల నట్టింటికి తెచ్చిన చిత్రం విజయా సంస్థ నిర్మించిన ‘గుండమ్మ కథ’. నాగిరెడ్డి, చక్రపాణి నిర్మాతలుగా, కమలాకర కామేశ్వరరావు దర్శకత్వంలో 1962 జూన్ 7న విడుదలైన ఈ చిత్రానికి 1958 నాటి కన్నడ చిత్రం ‘మనె తుంబిద హెణ్ణు’ ఆధారం. డి.వి.నరసరాజు సంభాషణలు, పింగళి నాగేంద్రరావు పాటలు, ఘంటసాల సంగీతం, మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణం దానికి అమరాయి. ఎన్.టి.రామారావు, అక్కినేని నాగేశ్వరరావు ఇద్దరూ ఉన్నా కథకు పేరు మాత్రం గయ్యాళి పాత్ర నుంచి వచ్చింది. ఒక పెద్ద సంస్థ తన ప్రతిష్ఠాత్మక చిత్రానికి కథానాయకుల ప్రసక్తి లేకుండా, నడివయసు వితంతువు పేరు పెట్టడం ఆనాటికి చిన్న సంగతి కాదు.

గుండమ్మ (సూర్యకాంతం) ఆస్తిపరురాలైన వితంతువు. సవతి కూతురు లక్ష్మి (సావిత్రి) చేత ఇంటెడు చాకిరీ చేయిస్తుంది, సొంత కూతురు సరోజ (జమున)ను గారాబంతో పెంచుతుంది. సరోజకు ఇల్లరికపు అల్లుణ్ణి తేవాలన్నది ఆమె పట్టుదల. ఇల్లరికమంటే అల్లుడు తన ఇల్లు వదిలి వచ్చి అత్తవారింట స్థిరపడటం. మామూలుగా కొడుకులు లేని ఇళ్ళలో ఆస్తి బయటికి పోకుండా చేసుకునే ఏర్పాటు అది. గుండమ్మకు ప్రభాకరం (హరనాథ్) అనే కొడుకు ఉన్నా ఆమె ఇల్లరికాన్నే కోరడం గమనించదగినది. కొడుకు ఉన్న తల్లికి ఇల్లరికపు అల్లుడితో ఆస్తిరీత్యా అవసరం లేదు. ఆమెకు కావలసింది కూతురు కళ్ళెదుట ఉండటం, ఆ ఉండటం తన మాట కింద ఉండటం.

ఇక్కడ చట్ట చరిత్రను కూడా లెక్కలోకి తీసుకోవాలి. 1937 చట్టం హిందూ వితంతువుకు భర్త ఆస్తిలో బతికున్నంతకాలం అనుభవించే పరిమిత హక్కును మాత్రమే ఇచ్చింది. అమ్మడానికి, ఇష్టమైనవారికి రాయడానికి ఆమెకు స్వేచ్ఛ లేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ఆ పరిమితిని తొలగించి స్త్రీ చేతిలో ఉన్న ఆస్తిని ఆమె సంపూర్ణ స్వంతంగా మార్చింది. ఆ మార్పు వచ్చిన ఆరేళ్ళకు, వరకట్న నిషేధ చట్టం వచ్చిన మరుసటి ఏడాది, గుండమ్మ తెర మీదికి వచ్చింది. చిత్రంలో ఎక్కడా చట్టం ప్రసక్తి లేకపోయినా, ఇంటిని తన ఇష్టప్రకారం నడిపే వితంతువు అప్పటి ప్రేక్షకులకు నమ్మదగిన మనిషిగా కనబడటానికి ఈ నేపథ్యం తోడ్పడిందని చెప్పడం సమంజసం.

చిత్రకథ తల్లీకూతుళ్ళ సమస్యను రెండుగా చీల్చింది. కఠినత్వమంతా సవతి కూతురి పాలు, వాత్సల్యమంతా సొంత కూతురి పాలు అయ్యాయి. కన్నతల్లి కూతురితో కఠినంగా ఉంటుందని చెప్పడానికి జంకిన సంప్రదాయం సవతి తల్లిని అడ్డం పెట్టుకోవడం మన జానపద కథలనుంచీ ఉన్నదే. కానీ ఈ చిత్రం అక్కడితో ఆగలేదు. పనివాడి వేషంలో వచ్చిన అంజి (ఎన్.టి.రామారావు) రుబ్బురోలు దగ్గర లక్ష్మికి ఎదురుగా కూర్చుని, పొత్రం చేతబట్టి పిండి రుబ్బుతూ, ఆడవారి మేల్కొలుపు గురించి పాడే ఘట్టంలో కెమెరా ఎక్కువసేపు ఇంటిపని మీదే నిలుస్తుంది. లక్ష్మి మాట తక్కువ, చేతిపని ఎక్కువ. ఆమె చాకిరీలో పాలుపంచుకున్న మొదటి మనిషి అతడే. తెలుగు చిత్రంలో కూతురి శ్రమను తల్లి ఎలా వాడుకుంటుందో ఇంత వివరంగా చూపిన సన్నివేశాలు అంతకుముందు చాలా తక్కువ.

సరోజ వైపు నడిచే కథ మరింత లోతైనది. గారాబం కూడా ఒక రకమైన బంధనమేనని ఆ కథ చెబుతుంది. పెళ్ళి తరువాత రాజా (నాగేశ్వరరావు) తనకు ఆస్తిపాస్తులు లేవని నమ్మించి ఆమెను తల్లి ఇంటి నుంచి బయటికి తీసుకువెళ్తాడు. తోటలో కూలిపని చేసిన తరువాతే సరోజకు తన కాళ్ళ మీద తాను నిలబడటం తెలుస్తుంది. పొగరుబోతు భార్యను భర్త దారికి తెచ్చే ఈ భాగంలో షేక్స్పియర్ నాటకం ‘టేమింగ్ ఆఫ్ ది ష్రూ’ ఛాయలు ఉన్నాయి. భర్త ఎత్తుగడతో భార్యను మార్చడమన్న ఆ పద్ధతిని నేటి పాఠకులు ఆమోదించలేకపోవచ్చు. ఆ విమర్శ న్యాయమైనదే. అయినప్పటికీ తల్లి నీడ నుంచి కూతురు వేరుపడితే తప్ప ఇద్దరూ మనుషులు కాలేరన్న గ్రహింపు ఆ కథలో స్థిరంగా ఉంది.

చివరి భాగంలో దుర్గమ్మ (ఛాయాదేవి) అనే మరో గయ్యాళి వచ్చి గుండమ్మ ఇంటిని ఆక్రమించి, లక్ష్మి పడిన ఆరళ్ళన్నీ గుండమ్మకే చవిచూపిస్తుంది. అప్పుడు విడిపించడానికి వచ్చేది గారాబంగా పెరిగిన కూతురు కాదు, చాకిరీ చేసిన కూతురు. సూర్యకాంతం నటనలోని గొప్పతనం ఇక్కడ తెలుస్తుంది. 1924లో కాకినాడ ప్రాంతంలో పుట్టి, గయ్యాళి పాత్రలకు పర్యాయపదంగా మారిన ఆ నటి గుండమ్మను క్రూరురాలిగా చూపలేదు. చేతిలో ఉన్న పెత్తనం జారిపోతే తనకు విలువ ఉండదన్న భయమే ఆ నోటిదురుసుకు మూలమని ఆమె చూపుల్లో, చప్పున మారే స్వరంలో స్పష్టంగా కనబడుతుంది. తెలుగు ప్రేక్షకులు అరవై ఏళ్ళుగా గుండమ్మను తిట్టుకుంటూనే ప్రేమించడానికి కారణం ఆ భయాన్ని వారు గుర్తుపట్టడమే.

నెలజీతం తెచ్చే కూతురు

1960లు, 1970లలో తెలుగు మధ్యతరగతి ఇంటి ఆర్థికస్థితిలో వచ్చిన మార్పు తల్లీకూతుళ్ళ బంధాన్ని తిరగవేసింది. హైదరాబాదు ఉత్తర శివారులను చూస్తే ఆ మార్పు రూపం తెలుస్తుంది. చింతల్‌లో హెచ్‌ఎంటీ యంత్రాల కర్మాగారం, బాలానగర్ సమీపంలో ఐడీపీఎల్ మందుల కర్మాగారం, ఆ తరువాత జీడిమెట్ల పారిశ్రామికవాడ వెలిసి, గాజులరామారం, సూరారం, షాపూర్‌నగర్ వంటి పల్లెలు పొలాల ఊళ్ళ నుంచి కార్మికుల కాలనీలుగా మారాయి. జిల్లాల నుంచి వలస వచ్చిన కుటుంబాలకు భూమి ఊళ్ళో ఉండిపోయింది, లేదా అసలే లేదు. ఇల్లు నిలవడానికి ఆధారం నెలజీతమే. అటువంటి ఇళ్ళలో చదువుకున్న కూతురో, పని నేర్చిన కూతురో తెచ్చే జీతం అదనపు రాబడిగా మొదలై త్వరలోనే కుటుంబానికి మూలాధారం కావడం సహజం.

కె.బాలచందర్ దర్శకత్వం వహించిన ‘అంతులేని కథ’ ఈ స్థితికి అద్దం పట్టింది. 1974 నాటి తమిళ చిత్రం ‘అవళ్ ఒరు తొడర్‌కదై’ దీనికి మూలం, మాటలు ఆచార్య ఆత్రేయవి. జయప్రద పోషించిన సరిత ఇంటికి ఏకైక సంపాదనపరురాలు. తండ్రి సంసారం వదిలిపోయాడు, అన్న పనిచేయడు, చెల్లెలు వితంతువు, తమ్ముడు అంధుడు. తల్లి ఇంట్లోనే ఉన్నా పెద్దరికం కూతురి చేతికి వచ్చింది. గుండమ్మ ఇంట్లో తల్లి పెత్తనాన్ని కూతురు భరిస్తే, ఇక్కడ కూతురి కటువైన మాటను తల్లి భరిస్తుంది. కూతురి పెళ్ళి జరగాలని కోరుకోవలసిన తల్లి, ఆ పెళ్ళి జరిగితే ఇల్లు గడవదని తెలిసిన స్థితిలో నోరు విప్పలేదు. సరిత కోపం మనుషుల మీద కాదు, తన ప్రేమకూ తన జీతానికీ మధ్య తేడా చూడలేకపోయిన ఇంటి మీద. చివరికి తన పెళ్ళిపీటల మీద మరో చెల్లెలిని కూర్చోబెట్టి తాను మళ్ళీ ఉద్యోగానికి బయలుదేరుతుంది.

ఈ చిత్రంలో తల్లి చెడ్డది కాదు, కూతురు చెడ్డది కాదు. అందుకే ఇందులోని బాధకు పరిష్కారం దొరకదు. సవతి తల్లి అన్న అడ్డు తొలగిపోయిన తరువాత తెలుగు చిత్రం మొదటిసారి కన్నతల్లికీ కన్నకూతురికీ మధ్య ఉన్న దూరాన్ని నిందారోపణ లేకుండా చూడగలిగింది.

కూతురు చేసిన కన్యాదానం

క్రాంతికుమార్ దర్శకత్వంలో 1984లో వచ్చిన ‘స్వాతి’ ఈ క్రమంలో అన్నిటికంటే సాహసోపేతమైనది. సుహాసిని స్వాతిగా, శారద ఆమె తల్లిగా నటించారు. మగతోడు లేకుండా కూతురిని పెంచిన తల్లి లోకనిందను తలవంచుకుని భరిస్తుంటే, ఆ నిందను ఎదిరించే బాధ్యత కూతురు తీసుకుంటుంది. తల్లికి ఒంటరితనం ఉంటుందని, ఆమెకూ ఒక తోడు అవసరమని గ్రహించి, జగ్గయ్య పోషించిన పెద్దమనిషితో ఆమెకు పెళ్ళి జరిపిస్తుంది. ‘కన్యాశుల్కం’లో కూతురి పెళ్ళి కారణంగా తల్లి నూతిలో దూకితే, తొమ్మిది దశాబ్దాల తరువాత తల్లి పెళ్ళిని కూతురు చేసింది. కందుకూరి వీరేశలింగం 1881లో రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించిన నాటి నుంచి సాగిన సంస్కరణ చరిత్రలో పెళ్ళి పెద్దలుగా నిలిచినవారు పురుషులే. ఆ స్థానంలో కన్నకూతురిని నిలబెట్టడం ‘స్వాతి’ చేసిన కొత్త పని. ఈ పాత్రకు సుహాసిని ఉత్తమ నటిగా నంది పురస్కారం అందుకుంది.

దీనికి సమాంతరంగా చట్టం కూడా కదిలింది. ‘గుండమ్మ కథ’లో రుబ్బురోలు దగ్గర కూర్చున్న నటుడు ఎన్.టి.రామారావు ముఖ్యమంత్రి అయిన తరువాత, హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. ఆ తేదీకి పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కొడుకులతో సమానంగా పుట్టుకతోనే హక్కు దక్కింది. అంతకుముందు చాలా ఇళ్ళలో కూతురికి వాస్తవంగా చేరేది పసుపుకుంకుమ కింద తండ్రి ఇష్టపడి ఇచ్చిన కొద్దిపాటి భూమో, కట్నమో మాత్రమే. దేశమంతటికీ అటువంటి హక్కు రావడానికి 2005 వరకు, అంటే మరో ఇరవై ఏళ్ళు పట్టింది.

ఇతర దేశాల కథలు, మన బాకీ

ప్రపంచ చిత్రాలలోనూ ఈ ఆర్థికసూత్రం కనబడుతుంది. 1945లో మైకేల్ కర్టిజ్ తీసిన ‘మిల్డ్రెడ్ పియర్స్’లో భోజనశాలలు నడిపి ధనవంతురాలైన తల్లిని కూతురు వీడా చిన్నచూపు చూస్తుంది. తల్లి సంపాదన కావాలి, ఆ సంపాదన వెనుక ఉన్న వంటింటి శ్రమ మాత్రం ఆ కూతురికి అవమానం. 1978లో స్వీడిష్ దర్శకుడు ఇంగ్మర్ బెర్గ్మన్ తీసిన ‘ఆటమ్ సొనాటా’లో ప్రఖ్యాత పియానో కళాకారిణి అయిన తల్లి, ఏళ్ళ తరువాత కూతురి ఇంటికి వస్తుంది. ఇద్దరూ ఒక రాత్రంతా పాత గాయాలను మాటల్లో పెడతారు. సొంత వృత్తి, సొంత ఆదాయం ఉన్న తల్లి కాబట్టే ఆమెను ఒక మనిషిగా నిలబెట్టి ప్రశ్నించడం ఆ కూతురికి సాధ్యమైంది.

తెలుగు చిత్రంలో ఆ రాత్రి సంభాషణ ఇంకా పూర్తిగా జరగలేదు. 1991లో దాసరి నారాయణరావు ‘అమ్మ రాజీనామా’లో, ‘స్వాతి’లో తల్లిగా నటించిన శారదనే మళ్ళీ తల్లిగా నిలిపి, ఇంటిచాకిరీకి రాజీనామా చేయించారు. తల్లి పని కూడా పనేనన్న మాట ఆ చిత్రంతో గట్టిగా వినబడింది. తరువాతి దశాబ్దాలలో కథానాయకుడి ప్రాధాన్యం పెరిగేకొద్దీ తల్లి పాత్ర కొడుకు వైపే మొగ్గింది, తల్లీకూతుళ్ళ కథకు దక్కిన చోటు తగ్గింది.

ఆ కథకు కావలసిన జీవితం మాత్రం తగ్గలేదు. 2007లో గ్రేటర్ హైదరాబాదులో కలిసి, 2016 నుంచి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో భాగమైన గాజులరామారం వంటి ప్రాంతాలలో ఇంటి పట్టా తల్లి పేర ఉండటం, నెలవారీ వాయిదాలు కూతురు కట్టడం ఇవాళ వింత కాదు. ఆ పిల్ల పెళ్ళెప్పుడు, జీతం ఎవరికి, ముసలితనంలో తల్లి ఎవరి దగ్గర ఉండాలి అన్న ప్రశ్నలు అక్కడి ఇళ్ళలో రోజూ తేలవలసినవే. శ్రీహరి, గుండమ్మ, సరిత, స్వాతి పాత్రలు నిరూపించినదేమంటే, ఆడవారి చేతికి ఆస్తి, సంపాదన వచ్చిన ప్రతిసారీ తల్లీకూతుళ్ళ బంధం కష్టతరమైంది, అదే సమయంలో మరింత నిజాయితీగానూ మారింది. తల్లిని పూజించి ఊరుకోవడం కంటే ఆమెతో వాదించడం ఎక్కువ గౌరవం. ఆ గౌరవాన్ని తెలుగు చిత్రం నాలుగుసార్లు చూపగలిగింది కాబట్టి, ఐదోసారి చూపవలసిన బాధ్యత నేటి రచయితల మీద ఉంది.